చక్రాలన్నీ ఒక్కతీరుగా కాలాయి

పరదేశం పోయి ట్రైలర్ నడపాలనుకునే పిల్లలు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. జీతం ఎంత వస్తుంది, వీసా ఎన్నాళ్లకు వస్తుంది. కొందరికి ఇంకా హెవీ లైసెన్సు కూడా ఉండదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఏ దేశంలో ఏ బండి నడపబోతున్నారో మాత్రం చెబుతారు. మా కాలంలో గల్ఫ్ అనేవాళ్లం, ఇప్పటివాళ్లు యూరప్ అంటున్నారు. దేశం మారితే చలి మారుతుందేమో గానీ బండి బరువు మారదు.

నా పేరు బాలయ్య. ఇల్లు పాతబస్తీలో, జహనుమాలో. మా నాన్నకు ఆరు బర్రెలు, పాల వ్యాపారం. నేను మాత్రం లారీ ఎక్కాను. ఇక్కడ తొమ్మిదేళ్లు, గల్ఫ్‌లో ఇరవై రెండేళ్లు నడిపి, మోకాళ్లు ఇక చాలన్నాక ఇంటికి వచ్చాను. ఎన్ని దేశాలు తిరిగానో, ఏ కంపెనీ ఏం ఇచ్చిందో ఇక్కడ రాయడం లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. నా తప్పుకు సామేలు అనే మెకానిక్ ఉద్యోగం పోయింది. తర్వాత పేరు కూడా పోయింది. పోయిన ఉద్యోగం నేను తెచ్చివ్వలేను. పేరు నా నోటితోనే పాడైంది కాబట్టి దాన్ని బాగుచేసే పని నాదే.

సేటు మెచ్చుకున్న చేయి

గల్ఫ్ పోకముందు నేను నడిపిన లారీల సేటుకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉండేది. తాండూరు నుంచి బండలు తెచ్చేవాళ్లం. సేటుకు లారీ గురించి ఏమీ తెలియదు. డ్రైవర్ మంచోడా కాదా అని ఆయన చూసేది ఒక్కటే, డీజిల్ ఎంత మిగిలింది. నా దగ్గర ఎక్కువే మిగిలేది.

"బాలయ్య చేతుల డీజిల్ నిలుస్తది" అని దుకాణంలో పదిమంది ముందు అనేవాడు. దసరాకు నాకు అందరికంటే మంచి షర్టు గుడ్డ వచ్చేది.

అందులో విద్యేమీ లేదు. దిగుడు రాగానే గేరు తీసి న్యూట్రల్‌లో వేసేవాణ్ణి. ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే బండి తన బరువుతో తానే జారుతుంది. అప్పుడప్పుడు బ్రేకు నొక్కితే చాలు. మా లైన్లో పెద్ద డ్రైవర్లందరూ అదే చేసేవాళ్లు, అదే నేర్పేవాళ్లు. ప్రమాదమని తెలియక కాదు. మన దిగుళ్లు చిన్నవి, బండ్లు చిన్నవి, ఇంతవరకు ఏమీ కాలేదు కదా అనే ధీమా. నన్నడిగితే డ్రైవర్‌ను చంపేది నిద్ర కంటే ఎక్కువగా ఆ మాటే.

పరీక్ష తప్పిన ఉస్తాద్

తొమ్మిదేళ్లు లారీ నడిపినవాణ్ణి గల్ఫ్‌లో లైసెన్సు పరీక్షలో రెండుసార్లు తప్పాను. మొదటిసారి హారన్ కొట్టినందుకు. రోడ్డు మీద ఎవరూ లేరు, అయినా మలుపు రాగానే చేయి దానంతటదే పోయింది. ఎదురుగా ఎవరున్నారని కొట్టావని అధికారి అడిగాడు. ఎవరూ లేరన్నాను. మరెందుకు కొట్టావన్నాడు. దానికి జవాబు నాకు ఈ రోజుకీ తెలియదు.

రెండోసారి ఎడమ అద్దం చూడనందుకు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపే, కానీ మన లారీల్లో ఎడమవైపు డ్రైవర్‌ది కాదు, క్లీనర్‌ది. మా క్లీనర్ నాకంటే పదేళ్లు పెద్దవాడు, బండి రివర్స్ చేస్తుంటే వెనక నిలబడి చేత్తో తలుపు కొడుతూ "రానీ, రానీ, బస్" అనేవాడు. నేను అద్దాలతో కాదు, ఆయన గొంతుతో బండి వెనక్కి తీసేవాణ్ణి. అక్కడ గొంతు లేదు. పద్దెనిమిది చక్రాలు, ఒక్క మనిషి.

నాతో పాటు గదిలో ఉండే పెషావర్ డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. ఖాన్ సాబ్ అనేవాళ్లం. గడ్డం నెరిసింది, మాట కరుకు. మొదటి వారం నేను ట్రైలర్ వెనక్కి తీస్తూ డ్రమ్ముకు తాకించాను. ఆయన పరుగెత్తి రాలేదు, అరవలేదు. నెమ్మదిగా వచ్చి తలుపు తెరిచాడు.

"ఉతర్. ఉతర్ కే దేఖ్."

దిగి చూడమన్నాడు. దిగాను. చుట్టూ తిరిగి చూసి ఎక్కాను. మళ్లీ దిగమన్నాడు. ఆ రోజు ఎనిమిదిసార్లు దించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై రెండేళ్లలో నేను ఇంకో బండికి తాకించకుండా వెనక్కి తీశానంటే అది ఆ ఎనిమిదిసార్ల పుణ్యమే. తెలియనప్పుడు దిగి చూడటానికి సిగ్గుపడేవాడు ఈ పనికి రాడు.

పప్పు ఎట్లా వండుకోవాలో కూడా ఆయనే నేర్పాడు. ట్రైలర్ పక్కన ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. దాని మూత కిందికి తెరిస్తే అదే వంట గట్టు. స్టవ్వు, బియ్యం, ఉల్లిగడ్డలు అందులోనే. సరిహద్దు దగ్గర బండ్ల వరుస కదలకపోతే మూడు రోజులు ఆ పెట్టె ముందే బతుకు. ఎండకు ట్రైలర్ నీడలో కూర్చుని, నీడ జరిగితే మనమూ జరుగుతాం. యూరప్ పోయే పిల్లలకు ఆ ఎండ ఉండదు. ఆ ఒంటరితనం మాత్రం ఉంటుంది, ఆ సంగతి ఏ ఏజెంటూ చెప్పడు.

ఒక్కసారే అడిగే మనిషి

మా ఫోర్‌మన్ సుడాన్ వాడు. నేను చూసిన పైవాళ్లలో ఆయనంత నిక్కచ్చి మనిషి లేడు. తిట్టడు, బుజ్జగించడు. ఏదైనా జరిగితే వచ్చి ఒక్కసారే అడుగుతాడు, చెప్పింది రాసుకుంటాడు. మళ్లీ అడగడు. మనిషి మాట మీద ఆయనకున్న గౌరవం అది. నాలాంటివాడి చేతిలో ఆ గౌరవం ఎట్లా పనికొచ్చిందో చెబుతాను.

వర్క్‌షాపులో బ్రేకులు చూసేది సామేలు. మన ఫలక్‌నుమావాడే. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్, పెరిగింది రైల్వే క్వార్టర్లలో. నాకంటే నాలుగేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు. పని చేస్తే ముక్కుసూటిగా చేసేవాడు. ఒక చక్రం పట్టు కొంచెం ఎక్కువ, ఒకటి తక్కువ ఉంటే ఒప్పుకునేవాడు కాదు, అన్నీ సమంగా పట్టేదాకా బండి కింద నుంచి లేచేవాడు కాదు. పక్కన మిగతా మెకానిక్‌లు చాయ్ తాగుతూ నవ్వేవాళ్లు. "నీ బిడ్డ పెండ్లి బండా అది?" అని ఏడిపించేవాళ్లు.

"బండిది ఏమున్నదే, మీద మనిషి కూసుంటడు గదా" అనేవాడు.

దిగుడు

నేను వెళ్లిన రెండో ఏడు. టైల్స్ పెట్టెల లోడుతో ఒమాన్ కొండలు దాటి సముద్రం వైపు దిగాలి. నాలుగు రోజుల క్రితమే సామేలు నా బండి బ్రేకులు సరిచేసి సంతకం పెట్టాడు.

ఆ దిగుడు మొదట్లో మెత్తగా ఉంటుంది. తిన్నగా, వెడల్పుగా, ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. ఖాన్ సాబ్ ముందే చెప్పాడు, పైనే చిన్న గేరుకు రా, ఇంజినే బండిని పట్టుకుంటుంది, బ్రేకును చివరికి దాచుకో అని. నాకు గుర్తుంది. గుర్తుండగానే నా చేయి గేరు తీసి న్యూట్రల్‌లో వేసింది. అక్కడ డీజిల్ లెక్క చూసేవాడు లేడు. మిగిల్చినా షర్టు గుడ్డ ఇచ్చేవాడు లేడు. ఎవరికోసం మిగిల్చానో ఇప్పటికీ నాకు తెలియదు. తొమ్మిదేళ్ల అలవాటు, అంతే.

రెండు మలుపుల తర్వాత దిగుడు నిలువుగా అయింది. బ్రేకు నొక్కాను, ఆగింది. వదిలాను, మళ్లీ అందుకుంది. మళ్లీ నొక్కాను. ఆరేడుసార్లు అయ్యాక కాలు కింద పట్టు మెత్తబడింది. అద్దంలో పొగ కనిపించింది. గేరులో వేద్దామని చూస్తే పళ్లు కరకరమన్నాయి తప్ప పడలేదు. ఆ వేగంలో పడదు. భయమేసింది. చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు, చాలా భయమేసింది.

అట్లాంటి దిగుళ్ల పక్కన తప్పిన బండ్ల కోసం ఇసుక పోసిన దారి ఒకటి వేసి ఉంచుతారు. అది కనిపించింది. తిప్పాను. బండి ఇసుకలో సగం చక్రాల దాకా దిగబడి ఆగింది. టైల్స్ కొన్ని పగిలాయి. నాకు గీత కూడా పడలేదు.

మధ్యాహ్నానికి ఫోర్‌మన్, సామేలు వచ్చారు. సామేలు కంపెనీ బండి దిగుతూనే నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకొని చూశాడు.

"మంచిగున్నవా అన్నా?"

"మంచిగున్న."

అప్పుడు వెళ్లి చక్రాల దగ్గర వంగాడు. ఒక్కో బ్రేకు డ్రమ్ము చూసుకుంటూ చివరిదాకా పోయి వచ్చాడు. అన్నీ నీలంగా కాలి ఉన్నాయి. అప్పుడు లేచి అడిగాడు.

"అన్నా, గేర్ల ఉండెనా బండి?"

ఫోర్‌మన్ కాగితం చేతిలో పట్టుకొని నా వైపు చూశాడు. నా ఇంటి దగ్గర ముగ్గురు చెల్లెళ్లు గుర్తొచ్చారని, పెండ్లిళ్లు గుర్తొచ్చాయని చెబితే బాగానే ఉంటుంది. అవేవీ గుర్తుకు రాలేదు. తప్పు నాది కాకుండా ఉంటే బాగుండునని మాత్రమే అనిపించింది.

"గేర్లనే ఉండె. బ్రేకులు పట్టలే" అన్నాను.

ఫోర్‌మన్ రాసుకున్నాడు. సామేలు నన్ను చూశాడు, చక్రాలను చూశాడు. తర్వాత వచ్చీరాని అరబ్బీలో, చేతులతో చూపిస్తూ ఫోర్‌మన్‌కు చెప్పాడు. బ్రేకు పని చెడి ఉంటే ఒక వైపు కాలి ఒక వైపు చల్లగా ఉంటుంది, ఇక్కడ చక్రాలన్నీ ఒక్కతీరుగా కాలాయి, అంటే అన్నీ సమంగా పట్టాయి, చాలాసేపు పట్టాయి. ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. బండి తెలిసిన ప్రతివాడికీ తెలుస్తుంది. కానీ ఫోర్‌మన్‌కు అది తనను తాను కాపాడుకునే మెకానిక్ మాటలా వినిపించింది. నన్ను అప్పటికే అడిగేశాడు. రెండోసారి అడగడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

పది రోజుల్లో సామేలును ఇంటికి పంపేశారు. పోయేరోజు మా గది తలుపు దగ్గరికి వచ్చాడు.

"పోతున్న అన్నా. పైలం" అన్నాడు. అంతే. జాగ్రత్త చెప్పి పోయాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు నేను ఎన్నడూ న్యూట్రల్‌లో దిగలేదు. దాన్ని ప్రాయశ్చిత్తం అనను. అది భయం.

ఇరానీ హోటల్లో నా కథ

సెలవుల్లో ఇంటికి వస్తే పొద్దున లాడ్ బజార్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చోవడం నాకు అలవాటు. గల్ఫ్ నుంచి వచ్చిన డ్రైవర్లు, పోవాలనుకునేవాళ్లు అక్కడ చేరతారు. మొదటి సెలవులోనే ఆ దిగుడు కథ చెప్పాను. బ్రేకులు పోయాయి, అయినా బండిని ఇసుకలోకి తిప్పి కాపాడుకున్నాను అని. మస్తు నచ్చింది అందరికీ. చాయ్ బిల్లు నన్ను ఇవ్వనీయలేదు. మరుసటి సెలవులో వాళ్లే అడిగి చెప్పించుకున్నారు. ఏడాదికేడాది కొండ పెరిగింది, వేగం పెరిగింది. నన్ను ఉస్తాద్ అనసాగారు.

సామేలు పేరు నేనెప్పుడూ చెప్పలేదు. "మన పట్నం మిస్త్రీనే, బ్రేకులు సక్కగ జేయలే" అన్నాను, అంతే. అంతే అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. సెలవుల్లో ఫలక్‌నుమా వైపు పనిపడితే మాత్రం అతను తిరిగొచ్చి పెట్టుకున్న రిపేరు షెడ్డు ఉన్న దారి వదిలేసి చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

పోయిన ఏడు, నేను పూర్తిగా వచ్చేశాక, అదే హోటల్లో ఖలీల్ భాయ్ టిప్పర్ బ్రేకుల గురించి మాట వచ్చింది. ఖలీల్ భాయ్‌కి ఇసుక టిప్పర్లు మూడున్నాయి. దగ్గర్లో సామేలు షెడ్డు ఉంది కదా అని ఎవరో అన్నారు.

"అరె, ఆయన తాన బ్రేకులా? తోబా!" అన్నాడు ఖలీల్ భాయ్. "మన ఉస్తాద్‌ను కొండ మీదకెల్లి దొబ్బబోయింది ఆయనే గదా. కమాన్ పట్టీల పని జేస్తడు, గది చేయించుకో. బ్రేకులకు ఎవ్వరు పోరు."

అందరూ నా వైపు చూసి నవ్వారు. చాయ్ కప్పు బల్ల మీద పెట్టేశాను. మన పాతబస్తీలో గల్ఫ్ నుంచి మధ్యలో తిరిగొచ్చిన బ్రేకు మిస్త్రీలు ఎంతమంది ఉంటారు? పేరు చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా ఆ మనిషి చేతిలో ఉన్న అసలు విద్యను నేను చాయ్ తాగుతూ ఊడబెరికాను.

సామేలు షెడ్డు

మరునాడు పోయాను. రేకుల షెడ్డు. లారీల కింద స్ప్రింగుల్లా ఉండే కమాన్ పట్టీలు, విరిగినవి, గోడకు ఆనించి ఉన్నాయి. జుట్టు తెల్లబడింది, మనిషి అదే మనిషి. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు.

"కూసో అన్నా. మోకాళ్లు నొస్తున్నయటగా?"

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"సామేలూ, ఆ దినం బండి గేర్ల లేకుండె. న్యూట్రల్ల దిగిన."

అతను చేతిలో పానా కింద పెట్టాడు.

"ఎరుకనే అన్నా. అన్ని ఒక్కతీరుగ కాలె గదా. గప్పుడే ఎరుక."

"మరి ఇన్నేండ్లు ఎవ్వరికి చెప్పకపోతివి?"

"చెప్పిన. ఆడ నువ్వు పక్కనే నిలవడ్డవ్ గదా."

క్షమించమన్నాను. తప్పయిపోయిందన్నాను. ఏడ్చాను కూడా. అతను ఏడవలేదు, కోప్పడలేదు.

"మాఫీ గిట్ల ఎందుకన్నా నాకు? దాంతోని ఏం జేస్కోవాలె? హోటల్ల కూసొని చెప్పినవంట గదా. ఆడనే చెప్పు" అన్నాడు. పానా తీసుకొని పని చేసుకోసాగాడు.

ఫలక్‌నుమా గుట్ట

చెప్పాను. మరునాడు పొద్దున అదే బల్ల దగ్గర, అదే జనం ముందు. న్యూట్రల్ అన్నాను, అబద్ధం అన్నాను, సామేలు బ్రేకులు నిఖార్సుగా ఉన్నాయన్నాను. ఎవరైనా తిడతారనుకున్నాను. అట్లాంటిదేమీ జరగలేదు.

"ఏంది ఉస్తాద్, ఇన్నేండ్ల కత ఖరాబ్ చేసినవ్" అన్నాడు ఒకాయన. ఇంకొకాయన, సామేలు దోస్తు కాబట్టి వెనకేసుకొస్తున్నాడన్నాడు. నిజం చెబితే నమ్ముతారని నేనెందుకు అనుకున్నానో! అబద్ధానికి ఇరవై ఏళ్లు చాయ్ పోసి పెంచాను. నిజం వయసు ఐదు నిమిషాలు.

ఖలీల్ భాయ్ మాత్రం నవ్వలేదు.

"గంత నమ్మకముంటే ఒక పని చెయ్ ఉస్తాద్. నా టిప్పర్ బ్రేకులు ఆయనతోనే చేయిస్త. నిండ ఇసుక పోస్త. ఫలక్‌నుమా గుట్ట నువ్వే దింపి చూపియ్."

"దింపుత" అన్నాను.

సామేలు రెండు రోజులు ఆ టిప్పర్ కింద ఉన్నాడు. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. ఒక్కో చక్రం తిప్పి, పట్టు చూసి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించి. చేతులు మునుపటంత వేగంగా లేవు. ఒప్పుకోకపోవడం మాత్రం అట్లాగే ఉంది.

మూడో రోజు తెల్లవారాక, రోడ్డు మీద ఇంకా రద్దీ లేని వేళ, గుట్ట పైన బండి ఆపాను. కింద ఖలీల్ భాయ్, హోటల్ జనం పదిమంది నిలబడి ఉన్నారు. నేను అడగలేదు, సామేలు తనంతట తనే వచ్చి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. చిన్న గేరు వేశాను. హ్యాండ్ బ్రేకు తీయబోతుంటే అడిగాడు.

"అన్నా, గేర్ల ఉన్నదా బండి?"

"ఉన్నది సామేలూ" అన్నాను.

అతను చేయి చాపి, గేరు రాడ్ పట్టుకొని, గట్టిగా ఊపి చూసుకున్నాడు.

"పోనీ" అన్నాడు.